గ్రంథసూచిలో మన పెద్దల పేర్లేవి?

మన అడవుల్లోని మందు మొక్కల మీద అచ్చయిన పరిశోధన వ్యాసాలు ఒక నాలుగు తెచ్చుకుని చదవండి. మొక్కకి శాస్త్రీయ నామం ఉంటుంది. హెర్బేరియంలో దాచిన నమూనాకి నంబరు ఉంటుంది, దాన్ని కోసుకొచ్చినాయన పేరు ఉంటుంది. ఏ జబ్బుకి ఏ వేరు, ఎలా నూరాలి, ఎన్ని పూటలు ఇవ్వాలి అన్నది పట్టికలో ఉంటుంది. మరి ఇదంతా చెప్పిందెవరు? చాలా వ్యాసాల్లో దొరికే జవాబు ఒకటే: ‘స్థానిక గిరిజనులు’. కాస్త మర్యాద తెలిసిన వ్యాసమైతే ‘సమాచారదాతలు’ అని రాసి, వాళ్లెంతమందో ఒక అంకె వేస్తుంది.

సైన్సుకి పేర్ల పట్టింపు లేక ఇలా జరుగుతోందా అంటే, కాదు. మనం ఏటా ఆకు కోసే తునికి చెట్టునే తీసుకోండి. డయోస్పైరోస్ మెలనోజైలాన్ అని రాసి, పక్కన ‘రాక్స్‌బ్.’ అని చేర్చాలి. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడి పేరది. ఆయన సామర్లకోటలో పనిచేశాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి భాగాలుగా వెలువడింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆ చెట్టు పేరుతోపాటు ఆయన పేరూ నడుస్తోంది. మొదట అచ్చేసినవాడికి దక్కే గౌరవం అది, నాకు దాని మీద పేచీ లేదు. ఆ చెట్టు పండు తినొచ్చని ఆయన పుట్టక ముందే తెలిసినవాళ్లకి మాత్రం పేరెక్కడా లేదు. అచ్చేసినవాడికి పేరు, చెప్పినవాడికి అంకె! తెలుగులో మనం దాన్ని ‘ఉపయుక్త గ్రంథసూచి’ అంటాం కదా, ఆ మాటలోనే సంగతంతా ఉంది. గ్రంథమైతేనే సూచిలో చోటు.

రిఫరెన్సుల ఫార్మాటింగ్ అంటే కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ఏది వాలు అక్షరాల్లో అన్న గొడవేనని మన పిల్లలు అనుకుంటారు. రాతప్రతి పంపే ముందురోజు రాత్రి సాఫ్ట్‌వేర్‌లో పడేస్తే అదే సర్దుతుందిలే అనుకుంటారు. కానీ ఎవరి మాట జ్ఞానం, ఎవరి మాట ఊరికే కబురు అన్న తీర్పు ఆ నియమాల్లోనే ఉంది. వైద్య పత్రికలు ఎక్కువగా వాడేది వాంకూవర్ పద్ధతి. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సంపాదకులు కూర్చుని మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు. (ఆ నగరమున్న నేల కూడా అక్కడి ఆదివాసులు ఏ ఒప్పందంలోనూ రాసివ్వనిదే.) ఎవరో నోటితో చెప్పిన సంగతిని తప్పనిసరైతేనే వాడమని, వాడితే పేరూ తేదీ వ్యాసం మధ్యలో బ్రాకెట్లో పెట్టి రాతపూర్వక అనుమతి తీసుకోమని ఆ నియమాలు చెబుతాయి. ఏపీఏ పద్ధతిలోనూ అంతే. ‘వ్యక్తిగత సంభాషణ’ అనే ఒకే గంపలో ఈమెయిళ్లు, ఫోన్ మాటలు, ముఖాముఖీ మాటలు అన్నీ పడేశారు. ఆ గంపలోది ఏదీ రిఫరెన్సుల జాబితాకి ఎక్కదు. యాభై ఏళ్లు వైద్యం చేసిన ఎజ్జోడి మాటకీ, ఇద్దరు లెక్చరర్లు రాసుకున్న ఈమెయిల్‌కీ ఒకటే హోదా.

దీన్ని ప్రశ్నించినవాళ్లు ఉన్నారు. జేమ్స్ స్మిత్ క్రీ నేషన్‌కి చెందిన లైబ్రేరియన్ లోరిసియా మెక్లౌడ్ కెనడాలో ఆదివాసీ పెద్దల మాటని ఉదహరించడానికి ఒక నమూనా తయారుచేసింది. దాని మీద ఆమె వ్యాసం 2021లో అచ్చయింది. పెద్దల ఇంటిపేరు, పేరు, వాళ్ల తెగ, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ ఇవన్నీ ఆ నమూనాలో ఉంటాయి. అసలు సంగతేమిటంటే, అది రిఫరెన్సుల జాబితాలోనే ఉంటుంది, పుస్తకాల పక్కన, పుస్తకంతో సమానంగా. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు కూడా ఆదివాసీ జ్ఞానం మీద ఒక విభాగం పెట్టింది. తెగ పేరు, ఊరు రాయమంది, ఆ సంగతి బయటపెట్టొచ్చో లేదో అడిగి తెలుసుకోమంది. అచ్చుకాని మాటని జాబితాలోకి మాత్రం రానివ్వలేదు. అంటే సగం తలుపు తీసింది.

మన గైడ్లు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు. “మీ తాత మాటని చదివేవాడు ఎలా సరిచూసుకుంటాడు?” అచ్చుకాని థీసిస్‌ని, ఏ లైబ్రరీలోనూ దొరకని పాత పుస్తకాన్ని ఇదే గైడ్లు జాబితాలో ఒప్పుకుంటారు. మా తాతకి ఊరుంది, ఇల్లుంది, వెళ్లి అడిగితే చెబుతాడు. పోయాక అడగలేరంటారా? అందుకే గొంతు రికార్డు చేసి కాలేజీ లైబ్రరీలో పెట్టాలి, దానికో నంబరు వెయ్యాలి. ఎండబెట్టిన మొక్కకి చేస్తున్న మర్యాదే అది. మందు పనిచేస్తుందా లేదా అన్నది ప్రయోగశాల తేల్చాలి, నిజమే. ఎవరు చెప్పారన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి మనల్ని తికమక పెట్టనివ్వకండి.

పేరు ఉండటం వల్ల ఏమొస్తుందో కేరళ కాణీలని చూస్తే తెలుస్తుంది. 1987లో అగస్త్యమలై కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపిన కాణి యువకులు అలసట రాకుండా ఒక పండు తింటుంటే, అదేమిటని వీళ్లు అడిగారు. ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క నుంచే ‘జీవని’ అనే మందు వచ్చింది. చెప్పినవాళ్లు ఎవరో తెలుసు కాబట్టి, లైసెన్సు డబ్బులో, రాయల్టీలో సగం కాణీల ట్రస్టుకి ఇవ్వాలని తేలింది. ‘స్థానిక గిరిజనులు’ అని రాసి ఊరుకుంటే ఆ సగం ఎవరిని వెతుక్కుంటూ వచ్చేది? కానీ ఆ కథకి ఇంకో వైపు కూడా ఉంది. తమని అడగకుండా మందు గుట్టు చెప్పేశారని కాణీ వైద్యులు కొందరు తప్పుపట్టారు. వాళ్లదీ న్యాయమే. పేరు రాయడమంటే ముందు అడగడం. కుయి వాళ్లని కుయిలో, గోండు వాళ్లని గోండిలో అడగాలి. రాసింది చదివి వినిపించాలి. వద్దంటే ఆపేయాలి. అన్నీ అచ్చుకెక్కాలని రూలేమీ లేదు.

పేరు రాసేటప్పుడు కూడా జాగ్రత్త. సాఫ్ట్‌వేర్లు పేరులో చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాయి. మన్యం పోరాటంలోని గాం గంటం దొరని దానికిస్తే ‘దొర, జి. జి.’ అని అచ్చేస్తుంది. గాం మల్లు దొర ‘దొర, జి. ఎం.’ అవుతాడు. గాం అన్నది ఇంటిపేరు. అది పొట్టి అక్షరమై పోయి, మన్యంలోని దొరలంతా ఒకే ఇంటివాళ్లవుతారు. కొమురం భీమ్ ‘భీమ్, కె.’ అవుతాడు. మనకి ఇంటిపేరంటే గోత్రం, దేవుడు, పెళ్లి సంబంధం అన్నీ ఉన్నాయి. జొటెరోలో పేరుకి రెండు గళ్లు ఉంటాయి, ఇంటిపేరు గడిలో మీరే ఇంటిపేరు పెట్టండి. లేదా రెండు గళ్లనీ ఒకటి చేసే వీలుంది, అందులో పేరు మొత్తం మనం పిలిచే వరుసలో రాయండి. ఇది నిమిషం పని.

నాకు ఎక్కువ కోపం బయటివాళ్ల మీద కాదు. యూనివర్సిటీకి వెళ్లిన మన పిల్లలే సొంత అమ్మమ్మ చెప్పిన మందుని ‘స్థానిక గిరిజనుల కథనం ప్రకారం’ అని రాస్తున్నారు. నువ్వెవరివి మరి? ఆశ్రమ పాఠశాలలో సైన్సు ప్రాజెక్టు కింద ‘సేకరణ: ఇంటర్నెట్’ అని రాయడం నేర్పితే పెద్దయ్యాక ఇలాగే రాస్తారు. టీచర్లు ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టొచ్చు: ఇంటిపేరు, పేరు, తెగ, ఊరు, మండలం, చెప్పిన విషయం, మౌఖిక బోధ, తేదీ. ‘వ్యక్తిగత సంభాషణ’ అన్న మాట మనకొద్దు.

జర్నల్ వాళ్లు ఆ వరుసని జాబితా నుంచి తీసేయమంటారు. వెంటనే తీసేయకండి. ఏపీఏ ఏడో కూర్పులో ఆదివాసీ జ్ఞానం మీద ఉన్న విభాగాన్ని, మెక్లౌడ్ నమూనాని చూపిస్తూ సంపాదకుడికి ఒక ఉత్తరం రాయండి. రికార్డు ఎక్కడ దాచారో, దాని నంబరెంతో చెప్పండి. అప్పుడూ కుదరదంటే వ్యాసం మధ్యలోనైనా పూర్తి పేరు, తెగ, ఊరు ఉంచమని పట్టుబట్టండి. వాళ్లిచ్చిన జవాబుని పారేయకుండా దాచండి, తర్వాత వ్యాసం పంపే మన పిల్లకో పిల్లాడికో పనికొస్తుంది.