టిక్కెట్టు చౌక, జ్వరం ప్రియం

ఆ రోజు సోమవారం. ఓ.పి.లో చీటీలు ఇంకా సగం కూడా కాలేదు. సముద్రం పక్క పల్లె నుంచి, రొయ్యల గుంటల మీద బతికే ఇంటి ఇల్లాలు ఒకామె వచ్చి, సెల్‌ఫోను నా చేతిలో పెట్టింది. "మా పాప సార్. జర్మనీలో చదువుతోంది. చలిజ్వరం అంటోంది. ఏదన్నా మాత్ర పేరు చెప్పండి, అక్కడ కొనుక్కుంటుంది" అంది.

అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఆ అమ్మాయి వణుకుతూనే విషయం చెప్పింది. శనివారం, ఆదివారం స్నేహితురాళ్ళతో కలిసి రైల్లో ఊళ్ళు చూడడానికి వెళ్ళింది. జర్మనీలో నెలకు ఒక్క టిక్కెట్టు కొంటే దేశమంతా తిరగవచ్చు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ టిక్కెట్టు 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63 యూరోలు అయింది. చదువుకునే పిల్లలకు ఇది వరమే. అయితే ఇది వేగంగా పోయే పెద్ద రైళ్ళలో చెల్లదు, మన ప్యాసింజర్ల వంటి బళ్ళలోనే చెల్లుతుంది. బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కు పెద్ద రైలు నాలుగు గంటల్లో చేరుస్తుంది. ఈ బళ్ళు మారుతూ పోతే తొమ్మిది, పది గంటలు పడుతుంది.

"నీళ్ళు ఎన్ని తాగావమ్మా?" అని అడిగాను. "తాగలేదు సార్. స్టేషన్లో బాత్రూముకు పోవాలంటే యూరో అడుగుతారు" అంది. యూరో అంటే ఇంచుమించు నూరు రూపాయలు. అంత ఎందుకని నీళ్ళు మానేసింది, వచ్చిన మూత్రం ఆపుకుంది. శనివారం రాత్రికి మంట. ఆదివారానికి చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి, వాంతులు.

"ఇది ఫోనులో మాత్ర చెప్పే జబ్బు కాదు. ఇప్పుడే ఆస్పత్రికి పో" అన్నాను. బిల్లు ఎంతవుతుందోనని ఆ పిల్ల వెనకాడింది. అక్కడ ముప్పయ్యేళ్ళ లోపు విద్యార్థులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. దానికి నెలనెలా నూరు యూరోలకు పైగానే కడుతోంది. ఆ కార్డు పర్సులోనే ఉంది, వాడుకోవాలన్న ఆలోచనే రాలేదు. కిడ్నీకి చీము పట్టిందని చెప్పి నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. ఆస్పత్రిలో ఉన్న రోజుకు పది యూరోల చొప్పున నలభై యూరోలు కట్టింది. ఆలస్యం చేసి ఉంటే ఆ విషం రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వచ్చేది.

ఇలా ఎందుకవుతుంది? ఆడవారిలో మూత్రనాళం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లే. ప్రేగుల్లో ఉండే ఇ. కోలి అనే సూక్ష్మజీవి తేలికగా పైకెక్కుతుంది. మూత్రం ధారాళంగా పోతుంటే దానితో పాటే కొట్టుకుపోతుంది. నీళ్ళు తగ్గించి, మూత్రం ఆపితే అక్కడే పెరిగి కిడ్నీ దాకా పోతుంది. మన స్త్రీలు నెల్లూరు నుంచి తిరుపతికి బస్సులో పోయేటప్పుడు నీళ్ళు మానడం కూడా ఇటువంటిదే.

చలిదేశంలో దాహం తెలియదు. కాని అక్కడి గదుల్లో, రైళ్ళలో వేడిగాలి శరీరంలోని తేమను పీలుస్తుంది. రోజుకు రెండు లీటర్లయినా తాగాలి. జర్మనీలో కొళాయి నీళ్ళు మంచివే, ఇంటి నుంచే సీసా నింపుకోవచ్చు. రైల్లో మరుగుదొడ్డికి డబ్బు తీసుకోరు. దిగే ముందు వెళ్ళి రావడం అలవాటు చేసుకోవాలి. మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోకూడదు.

మంట, మాటిమాటికీ మూత్రం రావడం మొదటి గుర్తులు. అప్పుడే డాక్టరుకు చూపించాలి. చలిజ్వరం, డొక్కనొప్పి, వాంతులు తోడయితే గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి పోవాలి. ఇక్కడి నుంచి పెట్టెలో తీసుకుపోయిన యాంటిబయాటిక్ రెండు మాత్రలు మింగి ఊరుకోవద్దు. రోగం అణగదు, పరీక్షలో సూక్ష్మజీవి దొరకదు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీకి హాని చేస్తాయి.

తిండి సంగతీ చెప్పాలి. హోటలు ఖర్చు తప్పించుకోవడానికి రాత్రి వండిన అన్నం డబ్బాలో పెట్టుకుపోతారు. వండినా చావని విత్తుల వంటి సూక్ష్మజీవులు అన్నంలో ఉంటాయి. గది వేడిలో అన్నం గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. కాబట్టి వండిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ప్రయాణానికి రొట్టె, చపాతీ, అరటిపండ్లు, వేయించిన వేరుశనగలు మేలు.

అక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు, మందుల షాపులూ చాలావరకు తెరవరు. వంతు ప్రకారం ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. అందుచేత పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు సంచిలో ఉండాలి. ఆస్తమా, చక్కెర వ్యాధి ఉన్నవారు తమ మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. గది అద్దె మిగులుతుందని చలిలో స్టేషను బల్లల మీద రాత్రి గడపవద్దు.

పిల్లలు విదేశంలో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట. జర్మనీలో ప్రాణాపాయానికి 112, రాత్రివేళ, సెలవు రోజుల్లో డాక్టరు కోసం 116117 నంబర్లు. వాటిని మీ పిల్లల చేత ఈరోజే రాయించండి. జ్వరమంటే ముందు అక్కడి డాక్టరు దగ్గరకు పొమ్మనండి, మాకు ఫోను తరువాత చేయవచ్చు. టిక్కెట్టులో పొదుపు మంచిదే. నీళ్ళలో, నిద్రలో, ఉన్ని బట్టల్లో మాత్రం పొదుపు వద్దని చెప్పండి. "తిన్నావా" అని రోజూ అడుగుతారు కదా, "నీళ్ళు తాగావా" అని కూడా అడగండి.