ఫ్యూజు మారిస్తే మీటరు మారుతుందా?

రిపేరు బెంచీల దగ్గరా, ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న కుర్రాళ్లలోనూ ఒక మాట పాతుకుపోయింది. రెండు మూడు వందలకు దొరికే డీటీ-830డీ మల్టీమీటరుకూ, వేలు పోసి కొనే మీటరుకూ పెద్ద తేడా లేదట. లోపలి ట్రిమ్మరు సవరించి, గాజు ఫ్యూజు తీసి సిరామిక్‌ది వేసి, సన్నటి వైర్ల స్థానంలో సిలికాన్ ప్రోబులు పెడితే చాలట. మిగిలిందంతా బ్రాండు పేరుకు కట్టే డబ్బట. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని చూపించే మిగతా సగాన్ని అమ్ముతున్నారు.

నిజమైన సగం కచ్చితత్వానికి సంబంధించింది. ఈ మీటరుకు గుండెకాయ ఐసీఎల్ 7106 చిప్పు, లేదా నల్లటి బొట్టు కింద దాగిన దాని నకలు. లోపలికొచ్చిన వోల్టేజిని 100 మిల్లీవోల్టుల రిఫరెన్సుతో పోల్చి 1999 దాకా అంకెలు చూపిస్తుంది. ఆ రిఫరెన్సును సరిచేసేది బోర్డు మీది చిన్న ట్రిమ్మరే. నమ్మదగ్గ మీటరును పక్కన పెట్టుకుని, కదలని డీసీ వోల్టేజి ఒకటి ఇచ్చి ఇక్కడ సరిచేస్తే మిగతా డీసీ రేంజీలూ చాలావరకు దారికొస్తాయి. బయట వేరే రిఫరెన్సు ఐసీ పెడితే బ్యాటరీ నీరసించినప్పుడు అంకెలు జారడమూ తగ్గుతుంది. ఇవి నేర్చుకోదగ్గ పనులే, కాదనను.

కానీ స్క్రూడ్రైవరు పనిచేయని చోట్లు కచ్చితత్వంలోనూ ఉన్నాయి. ఇంటి 230 వోల్టులు కొలవాలంటే 750 ఏసీ రేంజీయే గతి. అక్కడ 1.2 శాతం, దానిపైన పది అంకెల తేడా ఉండొచ్చని మీటరుతో వచ్చే కాగితమే ఒప్పుకుంటుంది. అంటే 217 చూపినా 243 చూపినా మీటరు తన మాట తప్పనట్టే! పైగా లోపల ఏసీని సరిచేసేది ఒక్క డయోడు. సగటు తీసి, వచ్చింది సైన్ తరంగమే అనుకుని లెక్క చెబుతుంది. చదరపు తరంగం ఇస్తే 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. చౌక ఇన్వర్టరును ఈ మీటరుతో కొలిచి షాపువాడితో తగవు పెట్టుకునేవాళ్లను చూస్తే ఎవరిమీద జాలిపడాలో తెలియదు.

భద్రత దగ్గరికొస్తే వాదన పూర్తిగా కూలిపోతుంది. పెద్ద మోటారు ఆగినప్పుడో, దగ్గర్లో పిడుగు పడినప్పుడో లైనులో క్షణంలో లక్షలవ వంతు కాలం పాటు వేల వోల్టుల పోటు లేస్తుంది. ఐఈసీ 61010 ప్రమాణం ప్రకారం క్యాట్ 3 (భవనంలోని పంపిణీ లైన్ల మీద వాడదగ్గ తరగతి), 600 వోల్టుల మీటరు 6000 వోల్టుల పోటును తట్టుకోవాలి. ఆ పోటు బోర్డు మీది రెండు రాగి గీతల మధ్య నిప్పుగా దూకిందంటే, వెనకే లైనులోని 415 వోల్టులూ అదే దారి పడతాయి. ఆ నిప్పు సాకెట్ల దగ్గరే దూకితే ఇక ఫ్యూజు ఎంత గొప్పదైతే ఏం? కాపాడేది గీతల మధ్య దూరం, సాకెట్ల అచ్చు, డబ్బా గోడ మందం. వీటిని టంకం వేసి పెంచలేం.

సరే, ఫ్యూజు సంగతే చూద్దాం. మామూలు చిన్న గాజు ఫ్యూజు తెంపగలిగేది 35 ఆంపియర్లు, లేదా దాని రేటింగుకు పది రెట్లు, ఏది ఎక్కువైతే అది. అంతకు మించితే గాజు పగిలిపోవచ్చు, లోపలి నిప్పు ఆరకపోవచ్చు. ఇసుక నింపిన అదే సైజు సిరామిక్ ఫ్యూజు 1500 ఆంపియర్ల వరకూ తెంపుతుంది, అదీ 250 వోల్టుల దగ్గర. మంచి మీటరులో వేసే 11 ఆంపియర్ల ఫ్యూజు 1000 వోల్టుల దగ్గర 20,000 ఆంపియర్లను తెంపుతుంది. దాని పొడవు 38 మిల్లీమీటర్లు. ఈ చిన్న డబ్బాలో దానికి చోటెక్కడ? ఇక 10 ఆంపియర్ల సాకెట్టుకు అసలు ఫ్యూజే లేదని మీటరు ముఖం మీదే అచ్చేసి ఉంటుంది. ప్రోబు అందులో మరచిపోయి సప్లై ముట్టుకుంటే మధ్యలో ఉండేది ఒక లావుపాటి తీగ ముక్క, అంతే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు సిరామిక్ ఫ్యూజు పెట్టుకున్న మీటరు ఇది.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ముట్టని మీటరును జనం అనుమానంగానే చూస్తారు. ‘సేఫ్ చేసిన’ మీటరును మాత్రం ధైర్యంగా బోరు మోటారు స్టార్టరు డబ్బాలోకి దూరుస్తారు.

కాబట్టి ఈ మీటరుకు చేయాల్సిన మార్పులు వేరే. 10 ఆంపియర్ల సాకెట్టును లోపల వైరు తెంపి, బయట ఎపాక్సీతో మూసేయండి. 750 వోల్టుల గుర్తు మీద స్టిక్కరు వేసి ‘50 వోల్టులకు మించొద్దు’ అని రాయండి. ట్రిమ్మరు తనివితీరా తిప్పుకోండి. బ్యాటరీలు, అడాప్టర్లు, ఆర్డునో బోర్డులు కొలవడానికి ఇంతకన్నా చవకైన తోడు దొరకదు.

పేదవాడికి అదే దిక్కు కదా అంటారు. కూలీకి వచ్చే కరెంటు మనిషి చేతికి సరైన మీటరు ఇవ్వాల్సింది పని చేయించుకునే కాంట్రాక్టరు. స్విచ్చులకూ వైరు చుట్టలకూ లెక్క రాసే బిల్లులో దానికీ ఒక గీత పడితే సరి. సొంత బోరున్న రైతులైతే ఊళ్లో నలుగురు కలిసి ఒక క్యాట్ 3 మీటరు కొనుక్కోవచ్చు; స్ప్రేయర్లు పంచుకోవడం లేదూ?