బ్లాక్ ఫంగస్: ఇనుము చెప్పే పాఠం

2021 వేసవిలో కొవిడ్ రెండో దశ నుంచి దేశం తేరుకోకముందే బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. జులై నాటికి 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. 4 వేల మందికి పైగా మరణించారు. ఆంఫోటెరిసిన్-బి ఇంజక్షన్ల కోసం బంధువులు ఊరూరా తిరిగారు. ఆ విషాదానికి మందుల కొరత ఒక్కటే కారణం కాదు.

మ్యూకోర్ జాతి బూజు కొత్తదేమీ కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. దాని బీజాలను రోజూ పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యవంతుల్లో తెల్లరక్త కణాలు వాటిని మట్టుబెడతాయి. పైగా ఫంగస్ పెరగాలంటే ఇనుము కావాలి. రక్తంలోని ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పట్టి ఉంచి, దానికి అందకుండా చేస్తుంది.

మధుమేహం అదుపు తప్పి కీటోఅసిడోసిస్‌కు దారితీస్తే రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలి ఇనుము ఫంగస్‌కు చిక్కుతుంది. స్టెరాయిడ్లు మరో దెబ్బ తీస్తాయి. ఇవి రోగనిరోధక కణాలను నీరసింపజేస్తాయి, షుగర్‌నూ పెంచుతాయి. ఆక్సిజన్ అవసరమైన కొవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ప్రాణాలు నిలిపిన మాట నిజం. అవసరం లేనివారికీ, మోతాదు మించీ వాడటమే ముప్పు తెచ్చింది. దేశంలో బ్లాక్ ఫంగస్ బాధితుల్లో అత్యధికులు మధుమేహులే.

అలాగని ఇనుమును తగ్గించేస్తే సరిపోతుందా? ఒంట్లో పేరుకున్న లోహాలను తొలగించడానికి డయాలసిస్ రోగులకు గతంలో డెఫెరాక్సమిన్ ఇచ్చేవారు. ఆ మందు పట్టుకున్న ఇనుమును ఫంగస్ తనకు ఆహారంగా మలచుకుంది. ఎలుకల్లో ఫలితమిచ్చిన డెఫెరాసిరాక్స్‌ను 20 మంది రోగులపై పరీక్షిస్తే, అది తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ వివరాలు 2012లో వెలువడ్డాయి. చిన్న అధ్యయనమే అయినా అదొక హెచ్చరిక. రక్తహీనతకు వైద్యులు రాసిన ఐరన్ మాత్రలను మాత్రం ఈ భయంతో మానకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో మ్యూకోరేల్స్‌కూ చోటు దక్కింది. ఇంజక్షన్ల నిల్వలు అవసరమే. అంతకంటే ముందు గ్రామ స్థాయిలో షుగర్ పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్లు అమ్మే అలవాటుకు అడ్డుకట్ట పడాలి. ఇంజక్షన్ కోసం పరుగెత్తే పరిస్థితి రాకుండా చూసేవి ఇవే.