సంపాదకుని మాట: ఈ ఏడు నేను చూసిన సినిమాలు

ఈ ఏడాది పాతవీ కొత్తవీ చాలా సినిమాలు చూశాను. అన్నిటికన్నా పైన నిలిచింది 1951 నాటి ‘మల్లీశ్వరి’. తీసిన బి.ఎన్.రెడ్డి మన కడప జిల్లావారే. వానరాత్రి సత్రంలో, మారువేషంలో ఉన్న రాయలవారిని నాగరాజు పరాచికానికి అడుగుతాడు, తన మరదలు మల్లికి పల్లకి పంపించమని. ఆ పల్లకి నిజంగానే ఇంటిముందు దిగుతుంది. తల్లికేమో సంబరం, మల్లిగా వేసిన భానుమతి ముఖంలో మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. సరదా మాట శాపమైన ఆ ఘట్టాన్ని ఎంత నిదానంగా నడిపారో!

అదే 1951లో బి.ఎన్.రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి కలిసి ‘పాతాళభైరవి’ నిర్మించారు. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే పురస్కారం వచ్చింది: అన్నకు 1974కి, తమ్ముడికి 1986కి.

కర్నూలు కొండారెడ్డి బురుజు కోసమే ‘ఒక్కడు’ (2003) మళ్లీ చూశాను, ఇప్పటికీ ఇష్టమే. అయితే సీమంటే సుమోలు, వేటకొడవళ్లేనని తెరకు అలవాటైపోయింది. చంపుకున్నాక ఇంటి ఆడవాళ్ల గతేమిటని అడిగినందుకు ‘అరవింద సమేత’ (2018) నాకు నచ్చింది.

ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరపచేలకు వలసపోయే కుటుంబాల మీద మంచి సినిమా రావాలి. ఆ బతుకు తెలిసినవాళ్లు మీలో ఉన్నారు. కథలు రాసి పంపండి, అచ్చువేస్తాం.