ముడి చమురు తగ్గినా మన భారం తగ్గదేమి?



చింతామణి మార్కెట్టుకు టమాటా బాక్సులు తెచ్చే రైతును కదిలిస్తే రెండు లెక్కలు చెబుతాడు. ఒకటి మండీలో పలికిన ధర, రెండవది బండి బాడుగ. మొదటిది రోజుకొక తీరుగా మారుతుంది. రెండవది పెరగడమే గాని తగ్గడం మనమెరుగము.

బాగేపల్లిలో చేను దున్నడానికి ట్రాక్టర్ పిలిచినా, చిక్కబళ్ళాపురం నుండి పూలు, ద్రాక్ష బెంగళూరుకు పంపినా, కిరాణా సరుకు మన ఊరికి వచ్చినా, అన్నిటికీ డీజిల్ కావాలి. అందుకే దాని ధర పెరిగితే, బండి లేని ఇంట్లో కూడా పప్పు, నూనె ఖర్చు పెరుగుతుంది.

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుండే వస్తుంది. ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడ ధర పెరగడం మనకు అర్థమవుతుంది. బయట తగ్గినప్పుడు ఇక్కడెందుకు తగ్గదన్నదే అర్థం కాదు.

2010లో పెట్రోలు, 2014లో డీజిల్ ధరల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. బయటి ధరతో పాటే ఇక్కడి ధర పెరగాలి, తగ్గాలి అన్నది దాని ఉద్దేశం. కానీ 2014 నవంబరు నుండి 2016 జనవరి వరకు ముడి చమురు పడిపోతుంటే, కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వల్ల జనానికి కూలి లేని రోజుల్లో, పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు అదనంగా వేసింది. 2021, 2022లో కొంత తగ్గించిన మాట నిజమే. 2025 ఏప్రిల్‌లో ముడి చమురు మళ్ళీ చవకైన వారమే సుంకం 2 రూపాయలు పెంచారు. పంపులో ధర పెరగలేదు గాని, తగ్గవలసినదీ తగ్గలేదు. గ్యాస్ సిలిండరు మీద మాత్రం 50 రూపాయలు పెరిగింది.

మన రాష్ట్రమూ అదే దారి పట్టింది. డీజిల్ మీద అమ్మకపు పన్నును 2024 జూన్‌లో 14.34 నుండి 18.44 శాతానికి, 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెంచింది. పక్కనున్న ఆంధ్ర కంటే మన దగ్గర ధర తక్కువేనని జవాబిస్తారు. అదీ నిజమే. ఆడవారికి ఉచిత బస్సు, ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు పేదలకు ఆసరా అయ్యాయి. వాటిని మేము కాదనము. ఆ డబ్బు ఎవరి నుండి తీస్తున్నారన్నదే మా ప్రశ్న. ఆదాయపు పన్ను సంపాదనను బట్టి వేస్తారు. డీజిల్ పన్నుకు ఆ తేడా లేదు. కారున్న వానికీ, కూలి చేసుకునే విధవరాలు కొనే పప్పు మోసుకొచ్చే లారీకీ ఒకటే రేటు. సంపాదనంతా తిండికే పోయే ఇంటికి అది పెద్ద దెబ్బ.

తమ కాడి తేలిక చేయమని ఇశ్రాయేలు ప్రజలు రెహబాము రాజును అడిగారు. పెద్దలు చెప్పినా అతడు వినలేదు, రాజ్యమే చీలిపోయింది. రాజు మొండితనం మనకు గుర్తుంటుంది. ప్రజలు కూడి వెళ్ళి అడిగారన్నది మాత్రం మరచిపోతాము.

యౌవనులారా, మనమూ అడుగుదాము. లీటరు ధరలో చమురుకెంత, కేంద్రానికెంత, రాష్ట్రానికెంత అని లెక్క నేర్చుకుని మీ సంఘంలో, మీ ఊరిలో చెప్పండి. బయట ధర తగ్గితే అందులో ప్రజలకు భాగం రావాలని, లోటును ఎక్కువ సంపాదన గలవారి నుండి పూడ్చాలని ఎమ్మెల్యేనూ ఎంపీనీ అడగండి. ఏ పార్టీ వారైనా సరే, ఓటు కోసం మన వీధికి వచ్చిన రోజే జవాబు చెప్పించుకుందాము.