“తిన్నావా?” అని అడిగితే చాలదు

మనలాగా బయటి దేశంలో పెరిగిన వాళ్ళకి ముందుగా వచ్చే తెలుగు మాటల్లో “తిన్నావా?” ఒకటి. ఫోన్‌లో అమ్మమ్మతో మాట్లాడటానికి ఇది చాలు అనుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది.

కిందటేడు డల్లాస్ నుంచి గుంటూరులో ఉన్న మా అమ్మమ్మకి ఫోన్ చేశాను. “తిన్నావా అమ్మమ్మా?” అన్నాను. “ఏం తింటాను నాన్నా, పళ్ళు లేవుగా” అంది. ఇంట్లో పండ్లు అయిపోయాయి అనుకున్నాను! వెంటనే ఆన్‌లైన్‌లో ఆపిల్స్, జామకాయలు ఆర్డర్ పెట్టాను. తర్వాత అమ్మ నవ్వుతూ చెప్పింది. అమ్మమ్మకి దవడ పళ్ళు దాదాపు అన్నీ తీసేశారట.

ఈ చిక్కు మీకూ తెలిసే ఉంటుంది. “పండు”కి బహువచనం పళ్ళు. “పన్ను”కి బహువచనం కూడా పళ్ళే. నా తప్పు చిన్నదే. కానీ దాని వెనక ఉన్న విషయం చిన్నది కాదు. నేను ప్రతి వారం “తిన్నావా?” అని అడిగాను. ఆవిడ ప్రతి వారం “తిన్నాను” అంది. అది అబద్ధం కాదు. కాకపోతే ఆరు నెలలుగా ఆవిడ తిన్నది దాదాపు మజ్జిగన్నమే. కూరముక్కలు పక్కన పెట్టేసేదట. ఎంతో ఇష్టమైన జంతికలు ముట్టుకోవడమే మానేసిందట.

మన శరీరంలో జీర్ణం కడుపులో మొదలవదు, నోట్లోనే మొదలవుతుంది. పెద్దవాళ్ళకి మొత్తం 32 పళ్ళు. వాటికి నాలుగు రకాల పని. 8 ముందు పళ్ళు కొరుకుతాయి. 4 కోర పళ్ళు చీలుస్తాయి. వాటి వెనక ఉన్న 8 చిన్న దవడ పళ్ళు నలగ్గొడతాయి. చివర ఉన్న 12 పెద్ద దవడ పళ్ళు నూరతాయి. ఈ 12లో జ్ఞాన దంతాలు కూడా ఉన్నాయి, అవి అందరికీ రావు. ముక్క ఎంత చిన్నదైతే జీర్ణరసాలు దానికి అంత బాగా తగులుతాయి. లాలాజలంలో ఉండే ఎమైలేజ్ అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. కావాలంటే ఉత్త అన్నం కాసేపు నమిలి చూడండి, కొంచెం తియ్యగా అనిపిస్తుంది. తర్వాత నాలుక దాన్ని ముద్ద చేసి గొంతులోకి నెడుతుంది. కంచంలో చేత్తో కలిపి చేసేదీ ముద్దే, నోట్లో తయారయ్యేదీ ముద్దే. ఈ మాట నాకు చాలా నచ్చింది.

దవడ పళ్ళు లేకపోతే ఈ పని సగంలో ఆగిపోతుంది. పెద్ద ముక్కలు మింగితే గొంతుకి అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే చాలామంది ముసలివాళ్ళు మెత్తనివి మాత్రమే తింటారు. కూరగాయలు, పప్పుగింజలు, మాంసం తగ్గిపోతాయి. “ఆకలి లేదు” అంటే మనం నమ్మేస్తాం.

ఇవన్నీ డాక్టరు చూసుకుంటారు, ముందు వ్యాకరణం నేర్చుకో అని కొందరు అనొచ్చు. నేను ఒప్పుకోను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే ముందు ఇంట్లో ఎవరికైనా తెలియాలి కదా! మన పాఠాల్లో తినడం, తాగడం ఉంటాయి. కొరకడం, నమలడం, చప్పరించడం, మింగడం కూడా మొదటి నెలలోనే ఉండాలి. అవి పెద్ద మాటలు కావు. మన పెద్దవాళ్ళకి రోజూ కావలసిన మాటలు.

కాబట్టి ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు “తిన్నావా?” దగ్గర ఆగకండి. “నమలగలుగుతున్నావా?” అని అడగండి. పలకడానికి నోరు తిరగదు, నాకు తెలుసు! నేను పదిసార్లు అద్దం ముందు చెప్పుకున్నాను. మా అమ్మమ్మ మొదట నవ్వింది, తర్వాత పది నిమిషాలు చెప్పింది. ఇప్పుడు కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. జంతికలు ఇంకా కష్టమే, కానీ బెండకాయ వేపుడు తింటోంది.

చెప్పాల్సింది చెప్పలేక తటపటాయిస్తే తెలుగులో “నీళ్ళు నమలడం” అంటారు. తెలుగు తప్పు వస్తుందేమో అని నేను చాలా ఏళ్ళు నీళ్ళు నమిలాను. మీరు నమలకండి. అడిగేయండి.