దేవిడీకి దర్వాన్ ఉండాలి

మా మొహల్లా మస్జిద్ కమిటీ నికాహ్ రిష్తాల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టింది. మా భాయిజాన్ కొడుకు జావాలో రాశాడు. టామ్‌క్యాట్ సర్వర్ మీద నడుస్తోంది. చూద్దామని తెరిస్తే అడ్రస్ చివర 8080 ఉంది, తాళం గుర్తు లేదు.

"ఇదేంటి బేటా?" అన్నాను.

"టామ్‌క్యాట్‌ని సీదా బైటికి తెరిచా చచ్చా. పని నడుస్తోంది కదా!"

నడుస్తోంది, సరే. కానీ అందులో ఉన్నవి మన ఆడపిల్లల ఫోటోలు, ఇంటి పెద్దల ఫోన్ నంబర్లు. తాళం లేని సైట్‌లో అవన్నీ పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే.

పాత హైదరాబాద్ దేవిడీల్లో మెహమాన్ సీదా జనానాలోకి పోడు. దర్వాజా దగ్గర దర్వాన్ ఆపి, కబురు లోపలికి పంపి, జవాబు తెచ్చిస్తాడు. రివర్స్ ప్రాక్సీ చేసేదీ అదే. టామ్‌క్యాట్‌కే సర్టిఫికెట్ పెట్టొచ్చు, నిజమే. కానీ లినక్స్‌లో మామూలుగా 1024 కంటే కింది పోర్టులు తెరవాలంటే రూట్ ఇఖ్తియార్ కావాలి. 443 కోసం టామ్‌క్యాట్‌ని రూట్‌గా నడపడమంటే ఇంటి తాళాలన్నీ అప్పగించడమే.

మరి దర్వాన్‌గా ఎవరిని పెట్టాలి? ఎన్‌జిన్‌ఎక్స్ మేలా, అపాచీ మేలా అని కుర్రాళ్లు బహస్ చేస్తారు. నాకు ఆ ఫరక్ చిన్నది. మీ పిల్లవాడికి ఏది బాగా తెలిస్తే అదే మంచిది. అసలు ఫైసలా దర్వాన్‌కీ లోపలివాళ్లకీ మధ్య ఏ జబాన్ నడవాలన్నది. పాత పుస్తకాలు ఏజేపీ అంటాయి. 2020 ఫిబ్రవరిలో ఘోస్ట్‌క్యాట్ లోపం బైటపడింది ఆ దారిలోనే. 8009 పోర్టు తెరిచి ఉంటే బైటివాడు సైట్ లోపలి ఫైళ్లు చదవగలిగేవాడు. అప్పటిదాకా ఆ పోర్టు టామ్‌క్యాట్‌లో ముందే తెరిచి వచ్చేది. 9.0.31 నుంచి మూసి ఇస్తున్నారు. కాబట్టి నా రాయ్ ఒక్కటే: సాదా హెచ్‌టీటీపీ చాలు, ఏజేపీ వద్దు.

ఇంకో రెండు పనులున్నాయి. టామ్‌క్యాట్ 127.0.0.1 మీద మాత్రమే వినాలి. లేకపోతే దర్వాన్ ముందు నిలబడ్డా పెరటి తలుపు తెరిచే ఉంటుంది. వచ్చినవాడి అసలు అడ్రసూ, హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చాడన్న సంగతీ దర్వాన్ లోపలికి చెప్పాలి, టామ్‌క్యాట్‌లో రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టి అవి వినిపించుకోవాలి. ఇది మరిస్తే లాగ్‌లో అందరూ 127.0.0.1గానే కనబడతారు. రేపు ఎవరైనా ఫోటోలు దొంగిలిస్తే ఎవరని వెతుకుతాం?

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ముఫ్త్‌గా వస్తుంది. మావాడికి పట్టింది ఒక్క సాయంత్రం, అస్ర్ నుంచి ఇషా దాకా. కమిటీ పెద్దలారా, ఆ బయోడేటాలు మన దగ్గరున్న అమానత్. మీ సైట్ అడ్రస్‌లో 8080 ఉందేమో ఈ రోజే చూడండి.